బందరు గాలి తాగిన గిటారు

ఆ బుధవారం పొద్దున, మా అక్క చర్చికి పోయి ఇంకా తిరిగి రాకముందే, నేను ఆమె గిటారు తీగలు వదులు చేసి, బ్రిడ్జిలో నిలబడి ఉన్న ఎముక పలకను బయటికి లాగి, దాని అడుగును ఉప్పుకాగితం మీద పెట్టి అరగదీశాను. చేయమని నన్ను ఎవరూ అడగలేదు. తీగలు పాతబడ్డాయి, కొత్తవి వేసిపెట్టమని మాత్రమే అక్క అడిగింది. ఆ రెండు పనులకూ మధ్య ఉన్న దూరం అరవై ఏడేళ్ల మనిషికి తెలియదా అంటే, తెలుసు. తెలిసి చేసిన దాన్ని పొరపాటు అనడానికి నాకు నోరు రావడం లేదు. తప్పు అనే అంటున్నాను.

గిటారుతో పరిచయం లేనివారి కోసం రెండు మాటలు చెప్పాలి. గిటారు పొట్ట మీద అతికించిన చెక్కను బ్రిడ్జి అంటారు. దాని నడుమ ఒక సన్నని గాడి ఉంటుంది. ఆ గాడిలో మధ్యవేలంత పొడవున్న పలుచని ఎముక పలక నిలువుగా దిగి ఉంటుంది. దాన్ని శాడిల్ అంటారు. ఆరు తీగలూ దాని నెత్తి మీదుగానే పోతాయి కాబట్టి, అది ఎంత ఎత్తుంటే తీగలు అంత ఎత్తులో నిలుస్తాయి. ఎత్తు ఎక్కువైతే నొక్కే వేళ్లు కోసుకుపోతాయి. తక్కువైతే మీటినప్పుడు తీగ మెడ మీది ఇనుప కమ్మీలకు, అంటే ఫ్రెట్లకు, తగిలి జుయ్యిమని రొద చేస్తుంది. ఈ రెంటి మధ్య ఉన్న చోటు చాలా ఇరుకు. అరగదీసిన ఎముకను మళ్లీ పెంచడం ఎవరి వల్లా కాదు.

మా బావ పోయి అప్పటికి సంవత్సరం కావస్తోంది. బందరులో ఆయన రిటైరైనా, అక్కడే ఇల్లు తీసుకుని ఉండిపోయినా, మట్టి మాత్రం గుంతకల్లులోనే కావాలని ముందే చెప్పి ఉంచినందువల్ల ఇక్కడికే తెచ్చి మా నాయన సమాధి పక్కన పెట్టాము. సంవత్సరం ప్రార్థన కోసం అక్క బందరు నుంచి రైల్లో వచ్చింది. చేతిసంచి ఒకటి, గిటారు పెట్టె ఒకటి. పెట్టెను పైనున్న బెర్తు మీద పెట్టనీయకుండా దారి పొడుగునా ఒళ్లోనే పెట్టుకుని వచ్చిందట. పిల్లలు లేని ఇల్లు వాళ్లది. బావ పోయాక ఆ ఇంట్లో ఆమె ఒక్కతే ఉంటోంది. ఈ రాకతో అక్కను ఇక గుంతకల్లులోనే నిలుపుకోవాలని నేను మనసులో తీర్మానించుకున్నాను. ముందుగదికి సున్నం వేయించాను, కొత్త మంచం కొన్నాను, ఆ గదికి ఫ్యాను మార్పించాను. ఉంటావా అక్కా అని మాత్రం అడగలేదు. నా తీర్మానాలన్నీ అట్లానే ఉంటాయని నా భార్య ముప్పై ఏళ్లుగా చెబుతూనే ఉంది.

అక్కకు కావలసింది ఒక్కటే. బందరులో ప్రతి సాయంత్రం దీపాలు పెట్టే వేళకు బావ వాయించే రాగం ఒకటుంది. మాటలు లేని చిన్న రాగం, ఆయన సొంతంగా అల్లుకున్నది. రిటైరయ్యాక తనకు పొద్దుపోక ఆమెకూ నేర్పించాడు. అరవై దాటిన వేళ్లతో ఆమె కష్టపడి నేర్చుకుంది. ప్రార్థన నాడు అందరి ముందు ఆ రాగాన్ని ఆయన గిటారు మీద ఒక్కసారి వాయించాలి. అంతకు మించి ఆమె ఎవర్నీ ఏమీ కోరలేదు.

వచ్చిన మర్నాడు ఆమె సాధన చేస్తుంటే చూశాను. తీగలు చాలా ఎత్తులో ఉన్నాయి. వాయించి లేచాక వేలికొనల మీద ఎర్రటి గాట్లు పడ్డాయి. వంటింట్లోకి పోయి చెంబులో నీళ్లలో వేళ్లు ముంచుకుని నిలబడింది. నాకు ప్రాణం ఒప్పలేదు. ఫోను తెరిస్తే ఎవరో కుర్రవాడు ఐదు నిమిషాల్లో శాడిల్ ఎట్లా తగ్గించాలో చూపిస్తున్నాడు. లోకోషెడ్డులో ముప్పై ఆరేళ్లు ఫిట్టరుగా ఆకురాయి పట్టినవాణ్ణి, ఇనుమునే వెంట్రుకవాసి తేడా లేకుండా తీర్చినవాణ్ణి, వేలెడు ఎముక ముక్క నాకొక లెక్కా అనుకున్నాను.

అక్కడే నేను మా బావను మరిచిపోయాను. మరవకూడని మనిషి ఆయన. నాకు గిటారు చేతికిచ్చిందే ఆయన.

మన వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో రైలు టికెట్టు అంటే చిన్న అట్టముక్క. కిటికీ లోపల తారీకు మిషనులో దూర్చి టక్కుమని కొట్టి ఇచ్చేవారు. మా బావ గుంతకల్లు స్టేషన్లో బుకింగు క్లర్కు. రోజంతా ఆ టక్కుటక్కు మధ్య కూర్చుని, డ్యూటీ దిగాక రైల్వే క్వార్టర్సు ముందు వేపచెట్టు కింద కుర్చీ వేసుకుని గిటారు పట్టుకునేవాడు. మా నాయన గ్యాంగుమన్. పట్టాల మీద ఎండలో మాడి వచ్చి, గోడకు ఆనుకుని, అల్లుడి వాయిద్యం వింటూ నిద్రపోయేవాడు. నేను అప్పుడప్పుడే షెడ్డులో అప్రెంటిసుగా చేరి, ఒళ్లంతా నూనె మసి పూసుకుని, దునియాలో నాకు తెలియని పనంటూ లేదనే ధీమాలో ఉన్నవాణ్ణి.

ఈ గిటారు, అంటే నేను మొన్న అరగదీసిన ఈ గిటారే, మొదట వచ్చింది కూడా బందరు నుంచే. బావ, అక్క పాసు మీద బంధువుల ఇంటికి పోయినప్పుడు, అక్కడ ఒక మిషను స్కూలు మాస్టరు ఊరు విడిచి పోతూ అమ్మేస్తుంటే కొని తెచ్చారు. వానాకాలం. తెచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. పెట్టె తెరవగానే లోపలినుంచి తడిసిన చెక్క వాసన, ఉప్పు వాసన వచ్చాయి. ఆ ఏడాది క్రిస్మస్‌కు చర్చిలో గిటారు నేను వాయించాలని పాస్టరు అన్నాడు. నాకు అది మొదటిసారి. ఊరంతా చూస్తుంది. తీగలేమో ఈ మొన్నటిలాగానే ఆకాశంలో ఉన్నాయి. నొక్కీ నొక్కీ నా ఎడమచేతి వేళ్లు చిట్లాయి. షెడ్డులో ఆ చేత్తో స్పానరు పట్టుకుంటే కళ్లలో నీళ్లు తిరిగేవి. శాడిల్ తగ్గించు బావా అని అడిగాను. ఆయన తగ్గించనన్నాడు. కాస్త కోపంగా అడిగాను. ఆయన గిటారును గోడమేకుకు తగిలించి, చేతులు కట్టుకున్నాడు.

"ఇదింకా బందర్లోనే ఉండాదప్పా. ఊరికే పెట్టె ఈడికి వచ్చిండాది. నెమ్మదిగా రానీ దాన్ని" అన్నాడు.

నాకది ఎగతాళిలా వినిపించింది. పదిమందిలో నేను తప్పు వాయిస్తే చూసి నవ్వడానికే ఇట్లా చేస్తున్నాడని కూడా అనిపించింది. ఇంక మీ ఇంటి గడప తొక్కను అని చెప్పి వచ్చేశాను. కొన్నాళ్లు నిజంగానే తొక్కలేదు. అక్క మా ఇంటికి వచ్చి, నాయనకు కూర ఇచ్చినట్టు ఇచ్చి, నా వేళ్లకు కొబ్బరినూనె రాసి పోయేది. బావ ఏమంటున్నాడని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. క్రిస్మస్‌కు చిట్లిన వేళ్లతోనే వాయించాను. ఆ రోజు ఎట్లా గడిచిందో నాకూ తెలుసు, పక్కన నిలబడి పాడిన వాళ్లకూ తెలుసు.

తర్వాత మన గాలి మొదలైంది. మన గాలి సంగతి మనకు కొత్తగా చెప్పాలా. పెదవులు పగిలే గాలి, తలుపులు బిగువు వదిలి కొట్టుకునే గాలి, నీళ్ల కుండ పొద్దుటికి సగమయ్యే గాలి. సంక్రాంతి దాటిన కొన్నాళ్లకు అక్క కబురు మీద కబురు పంపితే పోయాను. గిటారు ఆ మేకుకే ఉంది. బావ దాన్ని దించి నా చేతికిచ్చాడు. తీగలు దిగాయి. ఎవరూ ముట్టుకోలేదు, తీగలు వాటంతట అవే దిగాయి. బందరు గాలి తాగి ఉబ్బిన పొట్టపలక మన గాలికి ఆరి, లోపలికి సర్దుకుని, తనతోపాటు బ్రిడ్జినీ తీగల్నీ కిందికి తెచ్చుకుంది.

"ఏమప్పా ఫిట్టరూ, ఆకురాయి ముట్టకుండానే దిగినాయే?" అన్నాడు. అంతటితో వదలలేదు. ఏడాదిపాటు ఇంటికి వచ్చిన ప్రతివాడికీ ఆ కథ చెప్పి, మా బామ్మర్దికి ఇనుము తెలుసు గాని చెక్కకు ప్రాణముంటాదని తెలీదు అని నవ్వేవాడు.

కొలవడం కూడా ఆ రోజే నేర్పించాడు. ప్రయాణం ముగిసి చెల్లిపోయిన అట్ట టికెట్లు ఆయన దగ్గర కొన్ని ఉండేవి. మెడ నడిమి కమ్మీ మీద వాటిని పేర్చి తీగ కిందికి జరిపేవాడు. మందపు తీగ కింద మూడు, సన్నతీగ కింద రెండు. తీగను కదిలించకుండా, తీగకు తగిలీ తగలకుండా పోవాలి. ఒకవేళ తగ్గించాల్సి వచ్చినా, అక్కడ ఎంత దిగాలో దానికి రెట్టింపు శాడిల్ అడుగున పోతుందని, అందుకే చేతికి తొందర పనికిరాదని చెప్పేవాడు. నెత్తిమీద ముట్టరాదు, అడుగునే రుద్దాలి. రెండుసార్లు రుద్ది, పెట్టి, తీగలు బిగించి, వాయించి, విని, మళ్లీ తీయాలి. సగం రోజు పట్టేది. నేను పక్కన కూర్చుని విసుక్కునేవాణ్ణి. మొదటి ప్లాస్టిక్ శాడిల్ పగిలినప్పుడు ఆయన పాత పళ్ల బ్రష్షు పిడిని కోసి ఒకటి చేశాడు. ఆ ఏడాదంతా చర్చిలో పాటలు పళ్లపొడి వాసన వస్తున్నాయని ఆడవాళ్లు వేళాకోళం చేసేవాళ్లు.

ఆ తర్వాత ఆయనకు కోస్తావైపు బదిలీ అయింది. గిటారు మళ్లీ సముద్రపు గాలికి పోయింది. ఇన్నేళ్లకు తిరిగి వచ్చింది. అందులో ఉన్న ఎముక శాడిల్ బావ చివరి రోజుల్లో అక్క కోసం స్వయంగా చెక్కింది. ఇదంతా తెలిసిన ఒకే ఒక్క మనిషిని నేను. తెలిసిన నేనే, గిటారు వచ్చి నాలుగు రోజులు కాకముందే, అది ఇంకా బందరులో ఉండగానే, దాన్ని మన గుంతకల్లు కొలతకు రుద్దేశాను.

ఆ బుధవారం అక్క చర్చి నుంచి వచ్చి వాయించి చూసుకుంది. రెండు మూడు సార్లు చెయ్యి ఆపి నావైపు చూసింది.

"ఏం చేసినావురా దీన్ని?"

"కొత్త తీగలక్కా. కొత్తల్లో అట్లే మెత్తగా ఉంటాయి" అన్నాను.

ఆ ముక్క అంత తేలిగ్గా నా నోటినుంచి ఎట్లా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. నిజం చెబితే ఆమె సంతోషించదేమోనన్న అనుమానం అప్పటికే నాలో ఉండి ఉండాలి. లేకపోతే అబద్ధం ఎందుకు. ఆమె ఇంకేమీ అడగలేదు. వేళ్లకు నొప్పి లేకుండా ఆ వారమంతా సాధన చేసింది. చూశావా, ఎంత సుఖంగా వాయిస్తోందో అని నా భార్యతో గొప్పలు పోయాను. వదిన అడిగిందా మిమ్మల్ని అని ఆమె అంటే, అన్నీ అడిగి చేస్తారా అని కసిరాను.

తర్వాతి వారం గాలి తిరిగింది. ఎండ ముదిరి, కళ్యాణదుర్గం వైపునుంచి దుమ్ము లేచి, మధ్యాహ్నం కిటికీ రెక్కలు పటపటమనసాగాయి. మంగళవారం నేను వసారాలో పేపరు చదువుతుంటే ముందుగదిలోంచి మందపు తీగ ఒక్కసారి జుయ్యిమంది. తేనెటీగ గాజుపెంకుకు తగిలినంత చిన్న చప్పుడు. అక్క వాయిస్తూ పోయింది. నాకు మాత్రం పేపరులో అక్షరాలు ఆగిపోయాయి. ఆ చప్పుడు ఏమిటో, ఎక్కడినుంచి వచ్చిందో, ఇక్కడినుంచి ఎటు పోతుందో నాకు ఒక్క క్షణంలో అర్థమైంది. పొట్టపలక దిగడం మొదలైంది. ఇంకా దిగుతుంది. ఆదివారం ప్రార్థన.

ఆ నాలుగు రోజులు నేను ఇంట్లో దొంగలా తిరిగాను. ఆమె గిటారు పట్టుకుంటే నా చెవులు ఆ గదిలోనే ఉండేవి. బుధవారానికి మందపు తీగ మూడు చోట్ల రొద చేసింది. గురువారానికి దాని పక్క తీగ కూడా అందుకుంది. అక్క ముందు తన వేలే సరిగా నొక్కడం లేదనుకుంది. ఇంకా గట్టిగా నొక్కింది. నొక్కి నొక్కి, నొప్పి మాత్ర వేసుకుని, ముసలిదాన్నయిపోతిని, ఏలు నిలవడం లేదు అని నా భార్యతో అందట. నేను పక్కగదిలో ఉండి ఆ మాట విన్నాను. అప్పుడైనా బయటికి పోయి చెప్పి ఉండాల్సింది. పోలేదు. దానికి బదులు ఆమె శుక్రవారం స్నానానికి పోయిన సమయం చూసి, గిటారును వంటింటి వెనకకు తీసుకుపోయి, తీగలు వదులు చేసి, శాడిల్ కింద ఏదైనా అట్టముక్క పెట్టి పైకి లేపాలని చూశాను. పాత అట్ట టికెట్టు ఒక్కటి ఉంటే సరిగ్గా సరిపోయేది. ఇప్పుడు అవి ఎక్కడివి. ఇప్పటి టికెట్టు ఫోన్లో ఉంటుంది, దాన్ని దేని కింద పెట్టగలం. అల్మరాలో వెతికితే ఒక పెళ్లి శుభలేఖ దొరికింది. కత్తెరతో సన్నగా కత్తిరించి గాడిలో దూర్చాను. తీగ మీటితే రొద పోయింది గాని, గిటారు నోట్లో గుడ్డ కుక్కుకుని మాట్లాడినట్టు పలికింది. ఎముక చెక్కకు ఆనాలి, మధ్యలో అట్ట ఉంటే శబ్దం పొట్టలోకి దిగదు. ఒక పొర తీసి మళ్లీ పెడుతున్నాను. అంతలో వెనక తలుపు దగ్గర అక్క తల తుడుచుకుంటూ నిలబడి ఉంది.

ఆమె వచ్చి నా పక్కన కింద కూర్చుని, నేల మీద పడి ఉన్న శుభలేఖ మిగులు ముక్కను తీసి అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఎవరి పెండ్లిరా ఇది?" అంది.

ఆమె శాడిల్‌ను తీసుకుని, వేలితో దాని అడుగు తడిమింది. బావ చెక్కిన దాని అంచులు ఆమె వేలికి తెలుసు. కొత్తగా రుద్దిన చోటు వేరే తెల్లగా ఉంది. అప్పుడు చెప్పాను. ఏ రోజు రుద్దానో, ఎందుకు రుద్దానో, ఆయన నాకు ముందే నేర్పించి ఉన్నా ఎట్లా మరిచానో, ఆ రోజు అడిగితే ఏం అబద్ధం చెప్పానో, అంతా చెప్పాను. నీ వేళ్లు చూడలేక చేశానక్కా అని కూడా అన్నాను. ఆ చివరి మాట అనకుండా ఉండవలసింది.

"నొప్పని నేను చెప్పినానా నీకు?"

"లేదక్కా."

"నొప్పి నాది. ఆయన పోయినప్పటినుంచి ఆ నొప్పితోనే వాయిస్తాండా. ఆయన గొంతు నేను యాడా పట్టి పెట్టుకోలేదురా. ఫోన్లో లేదు, యాడా లేదు. ఇదొగటే ఉండాది."

ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు తేలికయ్యేది.

"ముందుగదికి మంచం కొంటివి, సున్నం కొట్టిస్తివి. నేను చూసినాలే. ఉంటావా అని ఒగ మాట అడగలేదు. ఈ పొద్దు గిటారును రుద్దితివి. ఈడే ఉంటే రేపు నన్ను కూడా నీ కొలతకు రుద్దుతావు."

ఆ మాట అని లేచి పోయింది. ఆ రోజు, మర్నాడు, ఆమె నాతో మాట్లాడలేదు. ఇంట్లో ఆమె నడక, గ్లాసు పెట్టే చప్పుడు, తలుపు వేసే చప్పుడు అన్నీ నాకు వేరేగా వినిపించాయి. అట్టముక్కను నేనే తీసేశాను, ఆమె తీసేయమందని నా భార్య వచ్చి చెబితే. ఎట్లుండాదో అట్లే వాయిస్తా అందట. ఆ తీగతో వాయిస్తే పదిమందిలో ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. కీబోర్డు వాయించే చర్చి పిల్లవాణ్ణి వాయించమని చెబుదామా అని ఒక ఆలోచన వచ్చింది. అది కూడా అడగకుండా చేయబోయే పనే అని గ్రహించి నోరు మూసుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం ఇంటి ముందు షామియానా కింద అందరూ కూర్చున్నారు. పాస్టరు వాక్యం చదివి ముగించాక అక్క గిటారు ఒళ్లోకి తీసుకుంది. ఆ రాగం మందపు తీగతోనే మొదలవుతుంది. ప్రతి నాలుగు అడుగులకూ ఒకసారి తిరిగి దాని దగ్గరికే వస్తుంది. బావ వాయిస్తే ఆ తీగ గుండెల్లో మోగేది. ఆమె చెయ్యి ఆ తీగ మీదికి పోయి, ముట్టుకోకుండా ఆగింది. ఆ స్వరాన్ని ఆమె తన నోటితో పలికింది. పెదవులు మూసుకుని, గొంతులోంచి, సన్నగా ఒక్క స్వరం. తర్వాత సన్నతీగల మీదికి పోయి వాయించింది. మళ్లీ ఆ చోటు రాగానే చెయ్యి ఆపి, నోటితో పలికింది. చివరిదాకా అట్లాగే వాయించింది. చెడిన తీగల్ని ఒక్కసారి కూడా మీటలేదు. రాగమే అట్లా ఉంటుందని అందరూ అనుకున్నారు. ముసలివాళ్లు కొంతమంది కళ్లు తుడుచుకున్నారు. బాగా వాయించినావమ్మా, గొంతు కలపడం ఇంకా బాగుంది అని పాస్టరు అన్నాడు. ఆమె ఎందుకు గొంతు కలిపిందో అక్కడ తెలిసిన మనిషిని నేనొక్కణ్ణే. ఆమె నావైపు చూడలేదు. నేను లేచి కుర్చీలు సర్దే నెపంతో పక్కకు పోయాను.

అందరూ వెళ్లాక ఆమె నాతో మొదటి మాట అంది. బందరుకు టికెట్టు తీయమంది. ఉండు అక్కా అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగి, ఏ రోజుకు తీయమంటావు అని అడిగాను. నా జీవితంలో ఎవరినైనా అట్లా అడిగి, వాళ్లు చెప్పిన జవాబును అట్లాగే తీసుకున్న సందర్భాలు వెతికితే ఎన్ని దొరుకుతాయో నాకే తెలియదు. తర్వాత ఇంకొకటి అడిగాను. నేనూ నీతో రానా, వచ్చి అక్కడే కొత్త శాడిల్ చేయనా, చేయనిస్తావా అని అడిగాను. గిటారు నువ్వు మోస్తానంటే రా అంది.

బజారులో కసాయి అన్న దగ్గర గట్టి పొట్టేలు కాలి ఎముక తీసుకున్నాను. ఎందుకని అతను అడిగితే చెప్పాను. నవ్వి, దుడ్లు తీసుకోలేదు. కొవ్వంతా పోయేవరకూ సోడాపొడి వేసి ఉడకబెట్టి, మిద్దె మీద మన ఎండలో ఆరబెట్టి, రంపంతో ఒక మోటు పలక కోసుకున్నాను. బావ పలక కంటే ఎత్తుగా, మందంగా. తగ్గించే పనేదీ ఇక్కడ చేయలేదు. రైల్లో పెట్టెను దారి పొడుగునా ఒళ్లో పెట్టుకున్నాను. కృష్ణ దాటాక కిటికీలోంచి వచ్చే గాలి చేతికి జిగటగా తగిలింది.

బందరులో గిటారును గోడకు తగిలించి వదిలేశాము. నేను వాళ్ల వసారాలో పడుకుని, అక్కకు కూరగాయలు తెచ్చి, సాయంత్రాలు ఆమెతో కూర్చున్నాను. తీగల మాట నేను ఎత్తలేదు. నాలుగైదు రోజులకు పొట్టపలక కొంచెం కొంచెంగా లేవడం కంటికే తెలిసింది. రెండు వారాలకు మందపు తీగ రొద మానేసింది. అయినా గొంతు పలుచగానే ఉంది. బావ పెట్టిన ఎత్తులో ఉన్నప్పుడు గిటారు పలికిన ఆ నిండుతనం లేదు. ఇంకా ఆగాము. చూస్తూ ఊరికే కూర్చోవడం ఎంత కష్టమైన పనో నాకు ఈ వయసులో తెలిసింది.

ఇప్పటి పిల్లలు ఫోను పక్కన పెట్టుకుని శ్రుతి చూసుకుంటారు. చర్చిలో కీబోర్డు ఒక మీట నొక్కితే గిటారులాగా, ఇంకో మీట నొక్కితే వయొలిన్‌లాగా పలుకుతుంది. వాన వచ్చినా ఎండ వచ్చినా దాని గొంతు మారదు. మంచిదే, వాళ్లను నేను తప్పుపట్టను. ఐదు నిమిషాల్లో అన్నీ నేర్పే వీడియో చూసి చెడగొట్టింది నేను, వాళ్లు కాదు. మా బావ కాలంలో మాకు తెలివి ఎక్కువేమీ లేదు. కానీ ఒక చెక్క ఊరు మారితే అది ఊరు చేరేదాకా ఆగాలని ఇంట్లో ఎవరో ఒకరు చెప్పేవాళ్లు. కోపం వచ్చినా, అలిగి పోయినా, మళ్లీ పిలిచి చూపించేవాళ్లు. అట్లా చెప్పేవాళ్లు ఒక్కొక్కరే పోయారు. ఇక చెప్పవలసిన వయసు మాదే. ఆ వయసు వచ్చేసరికి నేను మరిచిపోయి ఉన్నాను.

నెల దగ్గరపడ్డాక ఒక సాయంత్రం అక్క తనే గిటారు దించి, కింద చాప పరిచి, కానీరా అంది. గాజుపలక మీద ఉప్పుకాగితం అతికించి కూర్చున్నాను. ఆమె నా ఎదురుగా కుర్చీలో కూర్చుంది. రెండుసార్లు రుద్దుతాను, గాడిలో పెడతాను, తీగలు బిగిస్తాను, ఆమెకు ఇస్తాను. ఆమె మందపు తీగను మీటి, తల వంచి వింటుంది. తల అడ్డంగా ఊపి తిరిగి ఇస్తుంది. మళ్లీ వదులు చేస్తాను. వీధిలో దీపాలు వెలిగాయి, దోమలు మొదలయ్యాయి, మా ఇద్దరికీ లేవాలనిపించలేదు. ఆరోసారో ఏడోసారో ఇచ్చినప్పుడు నా చెవికి, నా చేతికి, ముప్పై ఆరేళ్ల ఫిట్టరు లెక్కకు అది సరిగ్గా కుదిరింది. ఇంక ఒక్క గీటు కూడా ముట్టరాదనిపించింది. ఆమె వాయించి చూసింది.

"చాలా అక్కా?" అని అడిగాను.

"ఇంగ రొంత రుద్దు" అంది.

తీగలు వదులు చేసి, పలక తీసి, కాగితం మీద ఒక్కసారి మెల్లగా లాగి, పొడి ఊది, గాడిలో పెట్టి, బిగించి, గిటారు మళ్లీ ఆమె చేతికిచ్చాను.